పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్లు, మూలన దొంగ హెచ్చరికలు: యాంటీవైరస్ కొనేముందు చేయాల్సిన పని

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నరసన్నపేటలో బట్టల కొట్టు. ఇంట్లో ఒక డెస్క్‌టాప్, విండోస్ 10. కొట్టు లెక్కలు ట్యాలీలో అందులోనే, పిల్లల చదువూ దరఖాస్తులూ అందులోనే. ప్రింట్ల కోసం పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకి వెళ్లి వస్తూ ఉంటుంది. ఇప్పుడు అందులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి. తెర కింద కుడి మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’ అని మాటిమాటికీ వస్తోంది. రిపేరు చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టి, ఏడాదికింత అని కట్టే యాంటీవైరస్ వేస్తానన్నాడు. ఏది కొనాలన్నది మీ ప్రశ్న.

ఇప్పటికి ఏదీ కొనకండి, ఫార్మాట్ కూడా కొట్టించకండి. మీరు చెప్పినవి రెండూ వేర్వేరు జబ్బులు. మూలన వచ్చే హెచ్చరికలు రెండు నిమిషాల్లో పోతాయి. షార్ట్‌కట్ల వైరస్‌కి ఒక పూట పడుతుంది. ఫైళ్లు పోలేదు, కనబడకుండా దాచి ఉన్నాయంతే. ఈ పని పూర్తయ్యేదాకా మాత్రం ఆ కంప్యూటర్‌లో బ్యాంకు, జీఎస్టీ, మెయిల్ ఏవీ తెరవకండి.

ముందు ఆ మూలన వచ్చే హెచ్చరికల సంగతి. అవి వైరస్ కావు, యాంటీవైరస్ చెప్పేవి అంతకన్నా కావు. పిల్లలు ఫలితాల కోసమో ఉద్యోగ నోటిఫికేషన్ల కోసమో ఏదో సైటు తెరిచినప్పుడు ‘అలౌ’ అని ఒక చిన్న పెట్టె వస్తుంది. అది నొక్కితే ఆ సైటుకి మీ తెర మీద ఎప్పుడంటే అప్పుడు చీటీ అంటించే హక్కు ఇచ్చేసినట్టే. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి ‘సెట్టింగ్స్’, అందులో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘నోటిఫికేషన్స్’ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేర్లన్నీ తీసేయండి. పైన ఉన్న మీటను కూడా ‘సైట్లు అడగకూడదు’ వైపు పెట్టేయండి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఈ నోటిఫికేషన్ల అవసరమే లేదు. అక్కడే ‘ఎక్స్‌టెన్షన్స్’ పేజీ కూడా చూసి, మీరు పెట్టుకోనివి ఏమైనా ఉంటే తీసేయండి.

ఒక్కోసారి తెర నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగుతూ, ‘ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనిపించిందంటే అది దొంగదే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్‌ని మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవనా’ అని అడిగితే వద్దనండి. ఆ నంబరుకి ఫోన్ చేస్తేనే అసలు ప్రమాదం. అవతలివాడు ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్ వేయించుకుని మీ కంప్యూటర్‌లోకి నేరుగా దిగుతాడు.

ఇక షార్ట్‌కట్ల వైరస్. ఇది ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఎందుకు తిరిగి తిరిగి వస్తోందో కూడా అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో కనిపించే షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘ప్రాపర్టీస్’ చూడండి, తెరవకండి. ‘టార్గెట్’ అన్న గడిలో మామూలుగా అయితే ఫోల్డర్ దారి ఉండాలి. వైరస్ పెట్టినదానిలో సీఎండీ అనో డబ్ల్యూస్క్రిప్ట్ అనో (రెండూ విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్‌లు) మొదలై, పక్కన అర్థంకాని పొడుగాటి వరుస ఉంటుంది. మీరు డబుల్ క్లిక్ చేసినప్పుడు అది రెండు పనులు చేస్తుంది: మొదట వైరస్ స్క్రిప్టును, అంటే దాని ఆదేశాల ఫైలును నడుపుతుంది, తర్వాత మీ అసలు ఫోల్డర్‌ని తెరిచి చూపిస్తుంది. ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి కాబట్టి అనుమానం రాదు. ఈలోగా అది కంప్యూటర్‌లో కాపీ అయి, ప్రతిసారీ స్టార్ట్ అయ్యేలా పెట్టుకుని, తర్వాత గుచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ అలాగే మార్చేస్తుంది. పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మళ్లీ రావడానికి కారణం అదే. ముందు కంప్యూటర్‌ని శుభ్రం చేయాలి, తర్వాతే పెన్‌డ్రైవ్. చాలామంది తిరగేసి చేస్తారు.

పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. నెట్ ఆపండి. టాస్క్ మేనేజర్‌లో ‘డీటెయిల్స్’ తెరిచి డబ్ల్యూస్క్రిప్ట్ అన్నది నడుస్తోందేమో చూడండి. ఇంటి కంప్యూటర్‌లో అది ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన పని లేదు. ఉంటే ‘ఎండ్ టాస్క్’ కొట్టండి. తర్వాత ‘స్టార్టప్’ అన్న చోట అక్షరాల గజిబిజి పేరుతో, తయారీదారు పేరు లేకుండా ఉన్నవాటిని ‘డిసేబుల్’ చేయండి. విండోస్ మీటతో ఆర్ కలిపి నొక్కి, వచ్చిన ‘రన్’ పెట్టెలో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైపు చేస్తే స్టార్టప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మీరు పెట్టని స్క్రిప్టు ఫైలు ఉంటే తీసేయండి. ‘టాస్క్ షెడ్యూలర్’ కూడా తెరిచి చూడండి. కొన్ని రకాలు అక్కడ దాక్కుని పది నిమిషాలకోసారి లేస్తాయి.

ఇప్పుడు నెట్ కలిపి, స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ అని వెతికి తెరవండి. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ముందు అప్‌డేట్ కొట్టండి. తర్వాత ‘స్కాన్ ఆప్షన్స్’లో చివర ఉండే ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. తెరిచి ఉన్న పనులన్నీ ముందే సేవ్ చేసుకోండి, కంప్యూటర్ వెంటనే రీస్టార్ట్ అవుతుంది. దాదాపు 15 నిమిషాలు పడుతుంది. దీన్నే ఎందుకు చెబుతున్నానంటే, విండోస్ నడుస్తున్నప్పుడు వైరస్ కూడా నడుస్తూ తనను తాను కాపాడుకుంటుంది. ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ లేవకముందే చూస్తుంది కాబట్టి దానికి దాక్కునే వీలుండదు. అది అయ్యాక ‘ఫుల్ స్కాన్’ పెట్టి వదిలేయండి. పాత హార్డ్ డిస్కు అయితే రాత్రంతా పట్టొచ్చు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చండి. తెరవకుండానే దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో (విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్) స్కాన్ చేయించండి. ఆ తర్వాత ఎడమ పక్క జాబితాలోంచి తెరిచి, పైన ‘వ్యూ’లో ‘హిడెన్ ఐటమ్స్’కి టిక్ పెట్టండి. అదే వ్యూలో ‘ఆప్షన్స్’ తెరిచి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ అన్నదానికి టిక్ తీయండి. చాలాసార్లు పేరే లేని ఒక ఫోల్డర్ కాస్త మసగ్గా కనిపిస్తుంది. మీ ఫైళ్లన్నీ దాని కడుపులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్‌ని యథాతథంగా కాపీ చేయకండి, దాంతోపాటు దాచిన గుణం కూడా వచ్చేస్తుంది. కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ చేసి, లోపల ఉన్న మీ ఫైళ్లను మాత్రమే అందులోకి కాపీ చేయండి. ఒక్కో ఫోల్డర్ విడివిడిగా దాచి ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) ఒక వరుస కొట్టాలి. ఫోన్‌లో చదివి చెప్పినట్టు రాస్తున్నాను, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: అట్రిబ్, ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డి, ఖాళీ, పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన స్లాష్, నక్షత్రం, చుక్క, నక్షత్రం. పెన్‌డ్రైవ్ అక్షరం ఈ అయితే ఈ, ఎఫ్ అయితే ఎఫ్. పొరపాటున సి కొట్టకండి. ఫైళ్లు బయటికి వచ్చాక పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. ఆ తర్వాత ‘హైడ్ ప్రొటెక్టెడ్’ దగ్గర టిక్ మళ్లీ పెట్టేయండి.

మీ ప్రశ్నలో మీరు అడగని విషయం ఒకటుంది, నా ఉద్దేశంలో అసలు సంగతి అదే. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్‌కి ఇలాంటి పాత రకం షార్ట్‌కట్ వైరస్ దొరకకుండా పోవడం అరుదు. మరి ఎందుకు దొరకలేదు? మన ఊళ్లలో కంప్యూటర్‌కి విండోస్ వేయించినప్పుడు చాలాచోట్ల క్రాక్, అంటే లైసెన్సు కొనకుండానే కొన్నట్టు చూపించే దొంగ యాక్టివేటర్ వేస్తారు. ఆ యాక్టివేటర్ నడవాలంటే డిఫెండర్ అడ్డం. అందుకని దాన్ని ఆపేస్తారు, లేదా ‘ఇటు చూడొద్దు’ అన్న జాబితాలో మొత్తం సి డ్రైవ్‌నే పెట్టేస్తారు. అలా జాబితాలో పెడితే విండోస్ సెక్యూరిటీలో పచ్చ టిక్ కనిపిస్తూనే ఉంటుంది, కానీ లోపల కాపలా ఉండదు. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘మేనేజ్ సెట్టింగ్స్’ నొక్కి, కిందికి వెళ్లి ‘ఎక్స్‌క్లూజన్స్’ తెరవండి. అక్కడ మీరు పెట్టనిది ఏది ఉన్నా తీసేయండి. పైన ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’, ‘క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్’, ‘ట్యాంపర్ ప్రొటెక్షన్’ మూడూ ఆన్‌లో ఉండాలి. వాటి పక్కన ‘ఈ సెట్టింగు మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది’ అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే జాగ్రత్త. అది ఆఫీసు కంప్యూటర్లలో ఉండాల్సిన మాట. ఇంటి కంప్యూటర్‌లో కనిపించిందంటే క్రాకో వైరస్సో ఆ తాళం వేసి ఉండొచ్చు. ఎక్స్‌క్లూజన్లు తీశాక ఆఫ్‌లైన్ స్కాన్ మళ్లీ మొదటినుంచీ చేయాలి, ఎందుకంటే మొదటిసారి అది సి డ్రైవ్‌ని చూసి ఉండకపోవచ్చు. అసలు పని మొదలుపెట్టేటప్పుడే ఈ జాబితా చూసుకుంటే రెండుసార్లు చేసే బాధ తప్పుతుంది.

ల్యాప్‌టాపో కంపెనీ డెస్క్‌టాపో కొన్నప్పుడు విండోస్ అసలుదే వచ్చి ఉంటే, దాని లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది. ఎన్నిసార్లు మళ్లీ వేసినా అదే వెర్షన్ వేస్తే, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. రిపేరు షాపులో ‘యాక్టివేషన్ కోసం ఇది వేస్తున్నా’ అంటే వద్దని గట్టిగా చెప్పండి. విడిభాగాలు కూర్చిన కంప్యూటర్‌కి లైసెన్సు లేకపోయినా, యాక్టివేట్ చేయని విండోస్ మూలన ఒక మసక రాతతో నడుస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా అందుకుంటుంది. క్రాక్ వేసినదానికన్నా అదే నయం. లెక్కల సాఫ్ట్‌వేర్ క్రాక్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మీ కొట్టు లెక్కలన్నీ ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ చేతిలో పెట్టినట్టే.

క్రాకుల వెంట వచ్చేవాటిలో ఈ రోజుల్లో ఎక్కువ భయపడాల్సింది పాస్‌వర్డ్ దొంగలకి. అవి తెర మీద ఏమీ చూపించవు, కంప్యూటర్‌ని నెమ్మది చేయవు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ, లాగిన్ అయి ఉన్న గుర్తులతో సహా, నిమిషాల్లో మూటగట్టి పంపేసి ఊరుకుంటాయి. ఆ లాగిన్ గుర్తు దొరికితే ఓటీపీ కూడా అడగకుండానే మీ మెయిల్‌లోకి వెళ్లిపోగలరు. కాబట్టి మీ కంప్యూటర్‌లో క్రాక్ ఉన్నట్టు తేలితే, పాస్‌వర్డ్‌లు మార్చాలి. అదే కంప్యూటర్‌లో కూర్చుని మార్చకండి, కొత్తవి కూడా వాడికే అందుతాయి. ఫోన్‌లో మార్చండి. మొదట మెయిల్, ఎందుకంటే మిగతావన్నీ మెయిల్ ద్వారానే తిరిగి తెరుచుకుంటాయి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత జీఎస్టీ. గూగుల్ అకౌంట్‌లో ‘సెక్యూరిటీ’ పేజీలో ‘యువర్ డివైసెస్’ తెరిచి అన్నిటినీ సైన్ అవుట్ చేయండి, రెండంచెల తనిఖీ పెట్టండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

విండోస్ మళ్లీ వేయాల్సింది ఎప్పుడు? డిఫెండర్ ఆన్ అవనంటే, క్రాక్ ఉందని తేలితే, లేదా ఫైళ్ల పేర్ల చివర కొత్త తోకలు వచ్చి, డబ్బు అడిగే ఉత్తరం కనిపిస్తే. మిగతా సందర్భాల్లో పైన చెప్పిన పని చాలు. వేయాల్సి వస్తే ఇంకో మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపి, కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లో తయారుచేసుకోండి. షాపువాళ్ల దగ్గర చేతులు మారుతూ తిరిగే పెన్‌డ్రైవ్‌తో వేయించుకోవద్దు.

ఎలాగూ ఆ చర్చ వచ్చింది కాబట్టి, విండోస్ 10 సంగతి. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. విండోస్ అప్‌డేట్ పేజీలో చేరే లింకు కనిపిస్తుంది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి. విండోస్ 11కి మారాలంటే ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అప్‌డేట్లంటే విసుగొచ్చేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది, వార్తల్లో వచ్చిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చేసింది.

శుభ్రం అయ్యాక అన్నిటికన్నా ఎక్కువ కాపాడేది రెండు ఖాతాలు పెట్టుకోవడం. పైసా ఖర్చు లేదు. ‘సెట్టింగ్స్’లో ‘అకౌంట్స్’లోకి వెళ్లి కొత్త యూజర్‌ని చేర్చి, అతనికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వండి. పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఒకసారి ఆ కొత్త ఖాతాలోకి లాగిన్ అయి చూసుకున్నాకే, దాంట్లోంచి మీ పాత ఖాతాను ‘స్టాండర్డ్ యూజర్’గా మార్చండి. ఈ వరుస తప్పితే, పాస్‌వర్డ్ మరిచిపోతే, మీ ఇంటికి మీరే బయటినుంచి తాళం వేసుకున్నట్టవుతుంది. రోజువారీ పనంతా స్టాండర్డ్ ఖాతాలోనే. కంప్యూటర్ మొత్తాన్నీ మార్చే పని ఏ ప్రోగ్రామ్ చేయబోయినా పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగే పెట్టె పట్టీ నీలంగా ఉంటే చేసినవాడి పేరు తనిఖీ అయినట్టు, పసుపుగా ఉంటే కానట్టు. పిల్లలకి పసుపు వస్తే ఆగమని చెప్పండి.

పెన్‌డ్రైవ్ అలవాటు మార్చండి. బయటికి వెళ్లేది ఒకటి వేరుగా ఉంచుకోండి, అందులో ఆ పూట ప్రింటు తీయాల్సిన పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండకూడదు. దానికన్నా షాపువాళ్ల వాట్సాప్ నంబరుకి ఫైలు పంపేయడం మంచిది. ఆధార్, పాన్ లాంటివైతే ప్రింటు అందాక చాట్‌లో ‘అందరికీ డిలీట్’ కొట్టి, వాళ్ల కంప్యూటర్‌లో దిగిన కాపీ కూడా తీసేయమని అడగండి. అక్కడి కంప్యూటర్‌లో మీ మెయిలో, వాట్సాపో తెరవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఎప్పుడైనా తెరిచి ఉంటే ఇప్పుడే ఫోన్‌లో వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి, గుర్తులేనివి తీసేయండి.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లతో ఇంకో మెలిక ఉంది. నెట్ నుంచి దింపిన ఫైలుకి విండోస్ ఒక గుర్తు వేస్తుంది, దాన్ని చూసి ఆఫీస్ ప్రోగ్రామ్ మాక్రోలను (ఫైలు లోపల ఉండి నడిచే చిన్న ప్రోగ్రామ్‌లను) ఆపుతుంది. పెన్‌డ్రైవ్‌లకి మామూలుగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో ఆ గుర్తు నిలవదు. అంటే అదే ఫైలు మెయిల్‌లో వస్తే అడ్డుపడే కాపలా, పెన్‌డ్రైవ్‌లో వస్తే అడ్డుపడదు. ‘ఎనేబుల్ కంటెంట్’ అన్న పసుపు పట్టీ వస్తే, పంపినవాళ్లకి ఫోన్ చేసి అడిగాకే నొక్కండి. ఫైళ్ల పూర్తి పేర్లు కనిపించేలా ‘వ్యూ’లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి టిక్ పెట్టండి. హాల్‌టికెట్ పీడీఎఫ్ అని కనిపించి, చివర ఈఎక్స్ఈ అనో వీబీఎస్ అనో ఉంటే అది హాల్‌టికెట్ కాదు.

కొత్తగా నడుస్తున్న మోసం ఒకటి పిల్లలకి తప్పకుండా చెప్పండి. ‘మీరు మనిషేనా’ అని అడిగే పేజీ, బొమ్మలు ఎంచమనకుండా, విండోస్ మీటతో ఆర్ నొక్కు, కంట్రోల్ వి నొక్కు, ఎంటర్ కొట్టు అంటుంది. మీకు తెలియకుండానే ఒక ఆదేశం కాపీ అయి ఉంటుంది, మీ చేత్తోనే మీరు దాన్ని నడిపినట్టవుతుంది. పైన నేను రన్ పెట్టెలో ఒక మాట టైపు చేయమన్నాను, అది ఫోల్డర్ తెరిచే మాట. వెబ్ పేజీ ఏదీ ఆ పెట్టె తెరవమని అడగాల్సిన అవసరం లేదు.

జీఎస్టీకో టెండర్లకో డిజిటల్ సంతకం టోకెన్ వాడితే, సంతకం అవగానే పీకేయండి. దూరం నుంచి రిపేరు చేయించుకున్నాక ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఆ రోజే తీసేయండి. కొత్త కంప్యూటర్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు దాటి కూర్చుని ఉంటే దాన్ని తీసేస్తే డిఫెండర్ తన పని తాను చేసుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టకండి, 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం కదలదు.

చివరిగా లెక్కల కాపీ. వైరస్ ఒక్కటే కాదు, తిత్లీ లాంటి తుఫాను వచ్చినా, కరెంటు ఎక్కువతక్కువలకి డిస్కు కాలినా ఆదుకునేది ఇదే. రెండు బయటి డిస్కులు తీసుకోండి, ఒకటి ఇంట్లో, ఒకటి కొట్లో. ప్రతి శనివారం కొట్టు కట్టేశాక ట్యాలీ డేటా మెనూలో బ్యాకప్ కొట్టి, ఆ ఫోల్డర్‌ని ఒక డిస్కులోకి ఎక్కించండి, మరుసటి వారం రెండోదానిలోకి. డిస్కు కంప్యూటర్‌కి తగిలించి వదిలేస్తే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ దాన్ని కూడా వదలదు. బ్యాకప్ తీసినంత మాత్రాన నమ్మకండి. నెలకోసారి ఆ కాపీని వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు ఒకటి తెరిచి చూడండి. అంకెలు సరిపోతే డిస్కు పీకి బీరువాలో పెట్టండి.